ఇంట్లో నింపిన తూటా

ఓబులపతి తుపాకికి పందిని భయపెట్టే అధికారం ఉంది. గాయపరిచే అధికారం లేదు. లైసెన్సు పుస్తకం చివరి పేజీలో ఆ ముక్క స్పష్టంగా అచ్చువేసి ఉంది. పందులకు చదువు రాదు కాబట్టి ఇన్నేళ్లూ సంసారం సాగింది.

అడవి అంచున మూడెకరాల వేరుశనగ చేను ఆయనది. విత్తనం వేసిన వారం ఒకసారి, కాయ పట్టిన నెల అంతా, కొండ దిగి పందుల మంద వస్తుంది. ముట్టెతో సాళ్లకు సాళ్లు తిరగేస్తుంది. తినేది తక్కువ, చెరిచేది ఎక్కువ. అంటే దానికీ కొంత పరిపాలనానుభవం ఉందన్నమాట.

సుంకులమ్మ బతికున్నన్నాళ్లు తుపాకి చిలక్కొయ్యకు వేలాడుతూ బూజు పట్టింది. ఆమె మంచె ఎక్కి నోరు తెరిచేది. మందకు పెద్ద ఒక ముసలి ఆడపంది. దానికి ఆమె 'సవితి' అని పేరు పెట్టుకుంది. "ఏమే సవితీ, మల్లా వచ్చినావా!" అని మొదలుపెట్టి, దాని తల్లిని, దాని అమ్మమ్మను, వాళ్లను కన్న కొండను, ఆ కొండను కాయలేని ఆఫీసును వరసపెట్టి తిట్టేది. పందులు అవతలి ఊరి చేలల్లో పడేవి. అవతలి ఊరివాళ్లు తగాదాకని వచ్చి, ఆమె గొంతు విని, పందులు పోయిన దారినే పోయేవాళ్లు.

మూడేళ్ల కిందట ఆమె జ్వరం వచ్చి పోయింది. ఆసుపత్రికి తీసుకుపోతే డాక్టరు సెలవులో ఉన్నాడు. ఓబులపతి ఆ డాక్టరును క్షమించలేదు. సెలవు మంజూరు చేసినవాణ్ని కూడా క్షమించలేదు. ఆమెను చేని గట్టునే పూడ్చి, తలాపున ఒక రాయి పాతి, ఇంటికొచ్చి తుపాకి దించి తుడిచాడు.

డబ్బా కొట్టి చూడకపోలేదు. పందులు ఆ దరువుకే కాయలు నమిలాయి. అరిచి చూడకపోలేదు. ఆయనకు అరుపు రాదు. ఆ ఇంట్లో ఆ శాఖ ఆమెది.

ఇచ్చే తూటాల కోటా కాయ పట్టకముందే అయిపోయి, రెండేళ్లుగా పంట చేతికి రాలేదు. ఇదీ పోతే చేను అమ్ముకోవడమే. చేను అమ్మితే గట్టు పోతుంది. గట్టు పోతే సుంకులమ్మ రెండోసారి పోతుంది. ఈ లెక్క ఆయన ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవడం ఆయనకు అలవాటు లేదు.

విత్తనాల వేళ తూటాల కోసం పట్నం పోయాడు. అక్కడ పాత పద్ధతి ఒకటుంది. కాల్చిన తూటాల ఖాళీ గుల్లలు అప్పజెబితేనే కొత్తవి ఇస్తారు. ఓబులపతి గుల్లలు గుడ్డలో మూటగట్టుకుని పోయాడు. దుకాణానికి తాళం వేసి ఉంది. మెట్ల మీద పక్క ఊరి తిప్పన్న, ఆయన కూడా మూటతోనే, చుట్ట తాగుతున్నాడు.

"అమ్మేది ల్యాదంట మావా ఇంక," అన్నాడు తిప్పన్న. "ఎవురింట్లో వాళ్లు నింపుకోవాల్నంట."

"ఏందీ?"

"తూటాలు. ఊరగాయ జాడీ నింపుకున్నెట్ల."

జిల్లాకు ఆయుధ వ్యయ నియంత్రణ ప్రత్యేకాధికారి అని ఒకాయన కొత్తగా వచ్చాడు. పేరు పరాంకుశం. ఆయన ప్రభుత్వ ఖర్చుతో విదేశం పోయి, పొదుపు గురించి నేర్చుకుని వచ్చాడు. అక్కడ ఒక ముసలాయన తన ఇంటి వెనక పాకలో కూర్చుని, కాల్చిన గుల్లలను తానే మళ్లీ నింపుకోవడం కళ్లారా చూశాడట. ఖర్చు సగమట. తిరుగు విమానం దిగేసరికి పథకానికి పేరు కూడా సిద్ధమయింది: 'గృహ తూటా స్వావలంబన'.

లైసెన్సుదారులందరినీ మండలాఫీసుకు పిలిపించారు. పరాంకుశం మైకు అందుకున్నాడు.

"మిత్రులారా! తూటా అంటే దుకాణంలో కొనుక్కునేది అనే పరాధీన మనస్తత్వం నుంచి మనం విముక్తి చెందవలసిన తరుణం ఆసన్నమయింది. గుల్ల మీది. ఇల్లు మీది. తీరిక మీది. ఈ మూడు వనరులను సమన్వయం చేయడమే ప్రభుత్వ సంకల్పం."

తిప్పన్న లేచాడు. "సార్, మందుపొడి ఎవురిది?"

"మందుపొడి రెండో దశ. ప్రస్తుతం మనం అవగాహన దశలో ఉన్నాం."

"పందులు యా దశలో ఉండాయో చూసి చెప్తాలే సార్," అని తిప్పన్న కూర్చున్నాడు.

ఇంటికొకటి చొప్పున చేత్తో నొక్కే ఇనుప యంత్రం ఇచ్చారు. దాన్ని కదలని చోట బిగించాలన్నారు. ఓబులపతి ఇంట్లో కదలనిది సుంకులమ్మ ఇసుర్రాయి దిమ్మె ఒక్కటే. బిగించాడు. కొర్రలు విసిరిన చోట కూర్చుని, యంత్రం పిడి లాగి చూశాడు. కిర్రుమంది. అంతకుమించి అందులో ఏమీ లేదు, లోపల వేయడానికి ఏమీ ఇవ్వలేదు గనక.

తనిఖీకి పరాంకుశం స్వయంగా వచ్చాడు. గది నాలుగు మూలలూ చూశాడు. ఉన్నదే ఒక గది.

"ఇక్కడ ఒక సాంకేతిక సమస్య ఉత్పన్నమవుతోంది," అన్నాడు. "నిబంధన ప్రకారం నింపడం గృహంలోనే జరగాలి. లేకపోతే అది గృహ పథకం కాదు. మరొక నిబంధన ప్రకారం మందుపొడి నివాస గృహంలో ఉండరాదు. ఉంటే ప్రాణహాని."

"అయితే?"

"రెండు నిబంధనలనూ గౌరవించే మార్గం ఒక్కటే. గృహం ఉంటుంది. మీరు నివాసం మానుకోండి."

ఓబులపతి ఆయన ముఖంలోకి చూశాడు. వేళాకోళం కనబడలేదు. అది కనబడి ఉంటే కొంత ఊరటగా ఉండేది.

ఆ సాయంత్రమే మంచం, కుండ, పళ్లెం తీసుకుని ఎద్దుల కొట్టంలోకి మారాడు. ఎద్దులు అభ్యంతరం చెప్పలేదు. ఇంట్లో యంత్రం ఒక్కటే నివసించసాగింది. పరాంకుశం ఆ ఇంటిని మూడు జిల్లాలకు ఆదర్శంగా ప్రకటించాడు.

చివరికి మందుపొడి వచ్చింది. దాంతోపాటు ఒక ఉత్తర్వు కూడా వచ్చింది. పొదుపు దృష్ట్యా సగం పొడితో నింపాలి. నింపాడు. తుపాకి దగ్గింది. పదిహేను రోజులకు ఇంకో ఉత్తర్వు: పావు పొడి. తుపాకి తుమ్మింది. ఆ తర్వాత 'సంకేత పరిమాణం' అన్నారు. సంకేత పరిమాణం అంటే ఎంత అని తిప్పన్న అడిగితే, పొడి ఉందని గుల్లకు అనిపించాలి, అంతే, అని సమాధానం వచ్చింది.

ఇంతలో సీసపు గుండ్ల వల్ల నేల పాడవుతుందని ఎవరో పైవాళ్లకు చెప్పారు. అదే రోజుల్లో పైవాళ్లకు చిరుధాన్యాల మీద ప్రేమ పుట్టి ఉంది. రెండు విషయాలూ ఒకే బల్ల మీద కలుసుకున్నాయి. ఇకమీదట గుండ్లకు బదులు కొర్రలు వాడవలసిందిగా ఉత్తర్వు దిగింది.

ఓబులపతి కొర్రలు నింపి కాల్చాడు. గొట్టంలోంచి పిడికెడు గింజలు మర్యాదగా బయటికి వచ్చి సాలులో రాలాయి. సవితి వచ్చి వాసన చూసింది. తిన్నది. తలెత్తి తుపాకి వైపు చూసింది. మర్నాడు మందనంతా వెంటబెట్టుకుని వచ్చి గొట్టం ముందు నిలబడింది. కొర్రలు అయిపోయాక వేరుశనగ మీద పడింది, భోజనం తర్వాత పలహారంలాగా.

ఆ నెల పరాంకుశం పైకి పంపిన నివేదికలో ఇలా ఉంది: "పథకం ఫలితంగా రైతులకూ వన్యప్రాణులకూ మధ్య సత్సంబంధాలు గణనీయంగా మెరుగుపడ్డాయి."

చేను చిక్కుతోంది. ఒక ఎకరా అప్పటికే తిరగబడి ఉంది. ఓబులపతి బస్సెక్కి జిల్లా ఆఫీసుకు పోయాడు.

"సార్. ఈ తూటా పేల్దు," అన్నాడు.

పరాంకుశం కుర్చీలో వెనక్కి వాలాడు. ఆయన ముఖంలో కోపం లేదు. పైపెచ్చు ఒక వెలుగు వచ్చింది. మనుషుల ముఖాల్లో ఆ వెలుగు చూసిన ప్రతిసారీ తనకు నష్టం జరిగిందని ఓబులపతికి అనుభవం.

"కూర్చోండి. మౌలికంగా ఆలోచిద్దాం. మీ లైసెన్సు ప్రకారం పందిని గాయపరచరాదు. కాబట్టి గుండ్లు వృథా. గుండ్లే లేనప్పుడు వాటిని నెట్టే పొడి వృథా. పొడే లేనప్పుడు దాన్ని పట్టి ఉంచే గుల్ల వృథా. ఇక మిగిలిందేమిటి?"

"తుపాకి."

"శబ్దం!" పరాంకుశం బల్ల చరిచాడు. "శబ్దమే తూటా సారాంశం. శబ్దాన్ని ఉత్పత్తి చేయగల పరికరం ప్రతి పౌరునికీ పుట్టుకతోనే ఉచితంగా పంపిణీ చేయబడింది. ఇంట్లోనే నింపుకోవచ్చు. ఖర్చు సున్నా!"

"నోరా సార్?"

"మీరు దాన్ని నోరు అంటున్నారు. మేము దాన్ని వనరు అంటాం."

వారం తిరక్కుండానే నోటి తూటా అధికారికంగా తూటాల జాబితాలో చేరింది. యంత్రాలు వెనక్కి తీసుకున్నారు. ఇల్లు మాత్రం ఇంకా నివాసయోగ్యం చేయలేదు, దానికి వేరే ఉత్తర్వు రావాలి. ఓబులపతి ఎద్దుల మధ్యే పడుకున్నాడు.

మండలాఫీసు ఆవరణలో మళ్లీ శిక్షణ జరిగింది. "శ్వాసను నాభి నుంచి తీసుకోండి. లక్ష్యాన్ని చూడండి. ఢాం!" అని పరాంకుశం పేల్చి చూపించాడు. పక్కన నిలబడిన అటెండరు చప్పట్లు కొట్టాడు. లైసెన్సుదారులు వరసగా నిలబడి ఢాం అన్నారు. తిప్పన్న రెండుసార్లు అన్నాడు.

"ఒక్కసారే అనాలి," అని కసిరారు.

"నాది జోడుగొట్టం సార్. లైసెన్సు సూడండి."

ఓబులపతి వంతు వచ్చింది. ఆయన ఢాం అన్న తీరు బడిలో హాజరు పలికినట్టుంది. సాధన చేయమన్నారు.

పాత పద్ధతి మాత్రం వదలలేదు. కోటా అయిపోతే కొత్త కోటా కావాలి. కొత్త కోటాకు ఖాళీ గుల్లలు అప్పజెప్పాలి. నోటి తూటాకు గుల్ల ఏది? చర్చించి, చర్చించి, గొంతు బొంగురుపోయినట్టు డాక్టరు ధ్రువపత్రం తెస్తే దాన్ని ఖాళీ గుల్లగా పరిగణించాలని తీర్మానించారు. తిప్పన్న మూడు రోజులు అరిచి, బొంగురు గొంతుతో ధ్రువపత్రం తెచ్చుకుని, కొత్త కోటా పుచ్చుకున్నాడు. పేల్చడానికి గొంతు లేదు. చేతులతో సైగ చేస్తే పందులు పట్టించుకోలేదు.

ఓబులపతి చేలో నిలబడి ఢాం అన్నాడు. సవితి తలెత్తి, ఏం కావాలన్నట్టు చూసింది. మళ్లీ ఢాం అన్నాడు. పాపం అనుకుందేమో, నాలుగడుగులు దగ్గరికి వచ్చింది.

సరిగ్గా అప్పుడే ఎన్నికలు వచ్చాయి. ఎన్నికలప్పుడు లైసెన్సు ఉన్న ప్రతివాడూ ఆయుధం, తూటాలు స్టేషన్లో జమ చేయాలి. లెక్కింపు అయ్యాక తిరిగి తీసుకోవాలి. ఆ పద్ధతి ఓబులపతి తండ్రి కాలం నుంచీ ఉంది. కాయ ముదిరిన నెలలోనే ఎన్నికలు రావడం కూడా ఆ కాలం నుంచీ ఉంది.

తుపాకి తీసుకుని స్టేషనుకు పోయాడు. ఎస్సై జిలానీ బాషా తుపాకికి చీటీ కట్టించి, తల గోక్కున్నాడు.

"పెద్దాయనా, తూటాలు?"

"ల్యావు. నోరే."

"అదే చెప్తాండ. అది గూడా జమ చెయ్యాల్నంట. పొద్దన్నించి ఫోన్లు. తూటా కింద లెక్క కదా ఇప్పుడు."

"కోసిస్తే తీసుకుంటావా?"

"నన్నెందుకు తిడ్తావు పెద్దాయనా! నేనేమన్నా కనిపెట్టినానా?" జిలానీ బాషా మంచివాడే. ఉద్యోగంలో ఉన్న మంచివాడు, అంటే చేసేది చేస్తూనే బాధపడతాడు. "సీలు వేసి యజమాని దగ్గరే ఉంచొచ్చని ఇప్పుడే క్లారిఫికేషన్ వచ్చింది. అన్నం తినేటప్పుడు సడలించుకోవచ్చు. శబ్దం మాత్రం రాకూడదు."

ఓబులపతి భుజం మీది తువ్వాలే మూతికి చుట్టి, వెనక ముడివేసి, ముడి మీద లక్క కరిగించి ముద్ర వేశారు. రసీదు రాసిచ్చారు: 'నోరు ఒకటి, వాడుకలో ఉన్నది.' లక్క చుక్క ఒకటి మెడ మీద పడితే ఓబులపతి కిక్కురుమనలేదు. అప్పటికి నోరు జమ అయిపోయింది.

ఇదంతా జరుగుతుండగా, తూటాల ఖర్చు సున్నాకు దించిన జిల్లాను చూడాలని రాజధాని నుంచి పెద్దసారు బయలుదేరాడు. ఆదర్శ లబ్ధిదారుడి చేలోనే సభ పెట్టారు. పొద్దు వాలుతున్న వేళ జీపులు దిగాయి. షామియానా గుంజలు పాతడానికి ఇంకో నాలుగు సాళ్లు తొక్కారు.

"ఈయనే సార్, గృహాన్ని సైతం పథకానికి అంకితం చేసిన రైతు," అన్నాడు పరాంకుశం.

"వెరీ గుడ్. మీ అనుభవం రెండు ముక్కలు చెప్పండి," అన్నాడు పెద్దసారు.

ఓబులపతి రసీదు తీసి చూపించాడు.

పెద్దసారు చదివాడు. మళ్లీ చదివాడు. "కానీ ఈయన మాట్లాడితేనే కదా విజయగాథ?"

"కోడ్ అమల్లో ఉంది సార్," అన్నాడు జిలానీ బాషా నేల చూస్తూ.

"ఒక్క నిమిషం సడలించండి!" అన్నాడు పరాంకుశం.

"అన్నానికైతే సడలించొచ్చు సార్. అనుభవానికి లేదు."

అప్పుడు కొండ వైపు పొదలు కదిలాయి. సవితి ముందు, మంద వెనక. షామియానా చూసి పందులు ఆగలేదు. మనుషులు నిలబడిన చోట కొర్రలు ఉంటాయని వాటికి ఈ ఏడాది పథకమే నేర్పింది. నేరుగా వేదిక వైపు నడిచాయి.

పెద్దసారు నోరు తెరిచాడు. పరాంకుశం ఆయన చెవిలో, "వద్దు సార్! లైసెన్సు లేకుండా శబ్దం... కోడ్..." అన్నాడు. పెద్దసారు చప్పున అరచేత్తో మూతి మూసుకున్నాడు. పరాంకుశం మూసుకున్నాడు. మండలాఫీసు, జిల్లాఫీసు, ఫోటోలు తీసేవాడు, అందరూ మూతులు మూసుకుని, ఒక్క కేక లేకుండా, ఎంతో క్రమశిక్షణతో చేలకడ్డంబడి పరుగెత్తారు. పందులు కొంతదూరం మర్యాదగా సాగనంపాయి. జీపులు పోయాయి. జిలానీ బాషా మోటారు సైకిలు స్టార్టు కాక గట్టు కింద మిగిలిపోయాడు.

మంద వెనక్కి తిరిగింది. తినగా మిగిలిన సాళ్లలోకి దిగింది. ఓబులపతి చూస్తూ నిలబడ్డాడు. రెండో ఎకరా సగమయింది. చేతులాడించాడు. మట్టిగడ్డ విసిరాడు. సవితి చెవి విదిలించి, సాలు వెంట ముట్టె పెట్టి తవ్వుకుంటూ, గట్టు దగ్గరికి వచ్చింది. గట్టెక్కింది. సుంకులమ్మను పూడ్చిన చోట మన్ను మెత్తగా ఉంటుంది. అక్కడ ముట్టె దించింది.

తువ్వాలు ఎప్పుడు తెంపాడో ఆయనకే తెలియదు. లక్క పెళ్లలుగా రాలింది.

"ఏమే సవితీ! మల్లా వచ్చినావా! నీ ముట్టె కాలిపోను! నిన్ను కన్నదాని కడుపు కాల! మీ అమ్మమ్మ కొండ కూలిపోను, ఆ కొండను కాసే ఆఫీసుకు పిడుగు పడ! నా కాయ నీ కంట్లో పొడిసిందంటే పొడిసె, నా మన్ను గూడా పొడిసిందా లంజదానా!"

గొంతు ఆయనదే. తక్కినదేదీ ఆయనది కాదు. ఆ వరస, ఆ విరుపు, చివర్లో ఆ సాగతీత, ముప్పై ఏళ్లు మంచె కింద కూర్చుని విన్నవి. సవితి నిలువునా అదిరింది. మూడేళ్ల కిందట పోయిన మనిషి తిరిగి వచ్చిందనుకుందో ఏమో, తోక బిగించి కొండకు పరుగు లంకించుకుంది. మంద దాని వెనక. అవతలి ఊళ్లో కుక్కలు మొరిగాయి. గట్టు కింద జిలానీ బాషా మోటారు సైకిలు దానంతటదే స్టార్టయింది.

మర్నాడు జిలానీ బాషా కొట్టం దగ్గరికి వచ్చాడు. ఎద్దు పక్కన నిలబడి, ఇబ్బందిగా కాగితం తీశాడు.

"సీలు తెంపినావు పెద్దాయనా. కోడ్‌లో పేల్చినావు. నేను ఈడనే ఉన్నానని అందరికీ తెల్సు. రాయకుంటే నా ఉద్యోగం పోతాది."

"రాయి."

"నువ్వు పేల్చింది ఢాం గాదు. మంజూరైన తూటా గాదది. యాడిది?"

"నాటుది."

"ఎవురు నింపినారు?"

"మా ఆడది."

"యాడ?"

"ఇంట్లోనే. ఖర్చు ల్యాకుండ."

జిలానీ బాషా ఆ జవాబులన్నీ రాసుకున్నాడు. "ఆమె ఇప్పుడు యాడుంది?" అని అడిగి, అడిగినందుకు నాలుక కరుచుకున్నాడు. ఓబులపతి గట్టు వైపు చూశాడు. జిలానీ బాషా కూడా చూశాడు. ఫారంలో ఆ గడికి రెండే జవాబులున్నాయి: హాజరు, పరారీ. చాలాసేపు ఆలోచించి 'పరారీ' అని రాసుకుని పోయాడు.

ఆ కాగితం పరాంకుశం బల్ల మీదికి చేరింది. మూతి మూసుకుని పరుగెత్తినప్పుడు పడ్డ దెబ్బకు కట్టు కట్టించుకుని ఉన్నాడాయన. చదువుతూ చదువుతూ నిటారుగా కూర్చున్నాడు. ఇంట్లోనే, ఖర్చు లేకుండా, మందను కొండ దాటించిన తూటా! ముఖం వెలిగింది.

నాలుగో రోజు ఓబులపతి చేనికి పోయేసరికి గ్రామ సేవకుడు సమాధి రాయికి జిగురు పూసి కాగితం అంటిస్తున్నాడు. "ఇంటికాడ అంటిద్దామంటే ఆడ నివాసం ల్యాదని రాసుంది మామా," అని గొణిగి వెళ్లిపోయాడు.

ఓబులపతి వంగి చదివాడు. శ్రీమతి సుంకులమ్మ వారం లోపల స్వయంగా జిల్లా కార్యాలయానికి హాజరై, తాము అనుసరిస్తున్న చౌక తూటా తయారీ విధానాన్ని ప్రత్యేకాధికారి సమక్షంలో ప్రదర్శించి వివరించవలెను.

చించలేదు. రాయి పక్కన చతికిలబడ్డాడు. పందులు వదిలినదాంట్లో ఎకరా పీకేశాడు, చేలో అరెకరా కాయ ఇంకా పీకాల్సి ఉంది.

"ఇంటిదానా," అన్నాడు. "నిన్ను పిలుస్తాండారు. నువ్వు పోయి మాట్లాడితేనే ఆ ఆఫీసు బాగుపడతాది. పోతానంటే పో, నేను అడ్డం రాను. నోరు మాత్రం నాకాడ ఇడిసిపెట్టి పో. సవితి మల్లా వస్తాది."